ఎడమచేతి పుల్ల



కల్లూరులో ఐదు రోజుల డప్పు శిబిరానికి పోతున్నానని చెప్పినప్పటి నుంచి మా డిగ్రీ పిల్లలు ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "మేడం, డప్పు మన మెడకు ఊరు కట్టిన తాడు కదా. తాత తెంచుకున్న తాడును మనవరాలు తెచ్చుకుని కట్టుకోవడం ఏంటి?" ప్రశ్న మంచిది. అడిగిన పిల్లోడు నా క్లాసులో ముందు బెంచీలో కూర్చునేవాడు, వాడిది కూడా మాదిగ గూడెమే. మాట వరసకు వేసిన ప్రశ్న కాదది, వాడి ఇంట్లో నుంచి వచ్చింది. ఈ వారం రాసేదంతా వాడి కోసమే. మిగతావాళ్లు కూడా చదవండి.

ముందు శిబిరం సంగతి. కల్లూరు తెలియనివాళ్లకు చెప్తా. ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే రోడ్డు మీద ఉంటుంది. ఒకపక్క సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే వరి పొలాలు. ఇంకోపక్కకు పెనుబల్లి, సత్తుపల్లి దాటితే దమ్మపేట, అశ్వారావుపేట, అక్కణ్ణుంచి భద్రాచలం అడవి. ఊరి బయట ఒక మామిడి తోటలో, కాయ కోత అయిపోయాక, రేకుల షెడ్డు అడిగి తీసుకున్నాం. మొత్తం ఇరవై ముగ్గురం. డిగ్రీ, పీజీ పిల్లలు పద్నాలుగు మంది, ఇద్దరు ఆశా వర్కర్లు, ఒక ఆటో డ్రైవరు, దమ్మపేట వైపు నుంచి ముగ్గురు కోయ పిల్లలు, నాలాంటి పంతుళ్లు ముగ్గురు. ఆడవాళ్లం తొమ్మిది మందిమి. నేర్పింది అరవై దాటిన ఒక పెద్దాయన. నేను పెదనాయనా అని పిలిచాను, ఆయన నన్ను బిడ్డా అన్నాడు. ఐదు రోజులూ అంతే. పేరు రాయొద్దన్నాడు, రాయను. ఆయనకు ఇచ్చిన డబ్బు మాత్రం చెప్పాలి. పీహెచ్‌డీ ఉన్నవాళ్లను గెస్ట్ లెక్చరుకు పిలిస్తే ఏ లెక్కన ఇస్తారో అదే లెక్కన, చేతిలో కాకుండా బ్యాంకు ఖాతాలో వేశాం. "కళాకారుడికి శాలువా కప్పి పంపిద్దాం" అన్నవాళ్లు ఉన్నారు. శాలువా కూడా కప్పాం, అది వేరే.

మొదటి రోజు పొద్దుటంతా మాకు డప్పు ఇవ్వలేదు. రెండు పుల్లలు ఇచ్చాడు. కుడిచేతికి కురచగా, లావుగా ఉండేది సిర్ర. ఎడమచేతికి సన్నగా, పొడుగ్గా, వంగే పుల్ల, దాన్ని సిటికెన పుల్ల అంటారు. నేల మీద కూర్చోబెట్టి ఎడమకాలి చెప్పు తీసి దాని మీద కొట్టమన్నాడు. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. "మేం నేర్చుకుంది సెప్పు మీదే. నాయన డప్పు ముట్టనిచ్చేవోడు కాదు, తోలు పగులుద్దని."

సిర్ర పని అందరికీ గంటలో వస్తుంది. బలం ఉంటే చాలు, దెబ్బ పడుతుంది, జనం తిరిగి చూస్తారు. కష్టమంతా ఎడమ పుల్లతోనే. డప్పు అంచు మీద ఎడమచెయ్యి ఆనించి, వేళ్ల మధ్య పుల్ల పెట్టి, మణికట్టు కదలకుండా వేలుతో విసరాలి. అది తోలుకు తగిలీ తగలనట్టు చిటచిటమంటూ ఆగకుండా నడవాలి. సిర్ర వేసే రెండు దెబ్బల మధ్య ఖాళీని అదే నింపుతుంది. వినేవాళ్లకు ఆ చప్పుడు విడిగా వినబడదు. అది ఆగితే మాత్రం ఏదో తగ్గిందని వెంటనే తెలుస్తుంది. రెండో రోజు సాయంత్రానికి నా ఎడమ చూపుడువేలి పక్కన పొక్కు లేచి చితికింది. మాలో సగం మందికి అంతే. ఒక ఆశా వర్కరు తన కిట్టులో నుంచి అందరికీ దూదీ టేపూ చుట్టింది. ఆవిడ వేలికి ఆవిడే చుట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది.

దెబ్బల్ని నోటితోనే నేర్పాడు. చెయ్యి కంటే ముందు నోరు పలకాలి. జగ్గ నకర, జగ్గ నకర అని ఇరవై మూడు నోళ్లు అరగంట సేపు అన్నాక, అడుగు కలపమన్నాడు. అడుగు కుదిరాకే సిర్ర ముట్టాలి. నోరు, కాలు, చెయ్యి, ఇదీ వరస. నేను పదేళ్లుగా ఛందస్సు చెప్తున్నాను. గురువు, లఘువు బోర్డు మీద గీసి, గణాలు విడగొట్టి చూపిస్తాను. ఇక్కడ అదే పనిని ఒక మనిషి కాలితో చేయించాడు, ఎవరూ నోటు పుస్తకం తియ్యలేదు.

గుంపులో నేర్చుకోవడంలో ఒక సుఖం, ఒక చిక్కు ఉన్నాయి. సుఖం ఏంటంటే, నీ చెయ్యి జారినా పక్కవాడి దెబ్బ నిన్ను మోసుకుపోతుంది. ఒంటరిగా గదిలో యూట్యూబ్ చూసి నేర్చుకునేవాళ్లకు ఆ ఆసరా ఉండదు. చిక్కు ఏంటంటే, గుంపు ఉరుకుతుంది. ఇరవై మంది కలిసి కొడితే ప్రతివాడూ పక్కవాడి కంటే వెనకబడ్డానేమోనని కాస్త ముందుకు తోస్తాడు. రెండు నిమిషాల్లో నడక పరుగవుతుంది, పరుగు గోలవుతుంది. పెదనాయన దీనికి ఒక మందు పెట్టాడు. సగం మందిని మొదటి దెబ్బ మీదే నిలబెట్టి, మిగతా సగంతో మారుదెబ్బ వేయించాడు. "మీరు గుంజలు, వాళ్లు పందిరి" అన్నాడు మొదటి సగాన్ని. గుంజగా నిలబడటం ఎవరికీ ఇష్టం లేదు. ఉద్యమ సంఘాల్లో పని చేసినవాళ్లకు ఈ ముక్క నేను విప్పి చెప్పక్కర్లేదు.

కాపడం గురించి కూడా రాయాలి. తోలు డప్పు చల్లబడితే మూగబోతుంది. వరిగడ్డి మంట మీద తిప్పి తిప్పి కాపి, వేలితో కొట్టి చూసి, మళ్లీ కాపాలి. ఎక్కువైతే తోలు చిట్లుతుంది. ఇప్పుడు చాలామంది చేతుల్లో ఉన్నవి ఫైబర్ డప్పులు. ప్లాస్టిక్ పొర, చుట్టూ బోల్టులు, స్పానరుతో బిగిస్తే చాలు. వానలో కూడా మోగుతాయి. శిబిరంలో పద్నాలుగు ఫైబర్‌వి, ఆరు తోలువి ఉన్నాయి. తోలు డప్పే అసలుదని మాలో ఒక పంతులు వాదించాడు. పెదనాయన మాట వేరు. "తోలు నానబెట్టి, బొచ్చు గీకి, చింతగింజల బంక పెట్టి పలక్కి అంటించేది ఎవురు? మీ ఇళ్లల్లో ఎవురన్నా చేత్తారా? ఆ కంపు మేం పడ్డాం గదా, సాల్లే." అసలుతనం మీద మోజు ఎప్పుడూ ఆ పని చెయ్యనవసరం లేనివాళ్లకే ఎక్కువ.

ఇక మా పిల్లోడి ప్రశ్న.

మా తాత డప్పు కొట్టాడు. కళ అని కొట్టలేదు, వెట్టి అని కొట్టాడు. నిజాం కాలంలో మా వైపు ఊళ్లలో డప్పు మాదిగ ఇంటి మీద పడ్డ పని. దొర ఇంట్లో చావైతే కొట్టాలి, పెళ్లైతే కొట్టాలి, ఊళ్లోకి అధికారి వస్తే ముందు నడిచి కొట్టాలి, చాటింపు వెయ్యాలి, జాతరలో రాత్రంతా కొట్టాలి. రానంటే కుదరదు. మా నాయన పన్నెండేళ్లప్పుడు తాత పక్కన నడుస్తూ గడ్డిమోపు మోసేవాడట, డప్పు కాపడానికి. కొట్టాక పశువుల కొట్టం దగ్గర విస్తరాకులో అన్నం పెట్టేవాళ్లు. ఆ అన్నం గురించి మా నాయన నా పీహెచ్‌డీ అయిపోయేదాకా నాకు చెప్పలేదు.

తాత మానేసింది బాప్తిస్మం తర్వాత. మా వైపు దోర్నకల్ డయాసిస్ చర్చిలు. 1912లో అజరయ్య బిషప్పు అయ్యాక ఆ సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలే. మా గూడెం పాస్టరు గారు విగ్రహాల ముందు కొట్టిన వాయిద్యం ఇంట్లో ఉండొద్దన్నారు. ఇది చదివి కొందరు మిత్రులు మిషనరీలు మన సంస్కృతిని చంపారని అంటారు. ఆ వాదన నేనూ సెమినార్లలో చాలాసార్లు విన్నాను. మా నాయన లెక్క వేరు. "పాస్టరు గారు వద్దన్నారండీ అని దొరకు చెప్పడానికి మీ తాతకు ఒక మాట దొరికింది. అంతకుముందు వద్దనడానికి నోట్లో మాటే లేదు." ఒంగోలు వైపు ఇది ఇంకా ముందే జరిగింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో చేరిన మాదిగలు ఊరి దేవర ముందు డప్పు కొట్టమన్నారు, దానికి ఊరి పెద్దల చేతిలో నానా బాధలు పడ్డారు. క్లౌ దొర చెప్పిన జ్ఞాపకాలతో 1914లో వచ్చిన పుస్తకంలో ఆ సంగతులున్నాయి. డప్పు మానెయ్యడం మన చరిత్రలో ఒక సమ్మె. సమ్మె చేసినవాళ్లను సంస్కృతి మరిచినవాళ్లని అనడానికి నాకు నోరు రాదు.

ఇప్పటికీ అంతే. చావుకు డప్పు కొట్టనన్నందుకు గూడేన్ని వెలివేసిన వార్తలు తెలంగాణలో ఆగలేదు. 1989 అట్రాసిటీ చట్టంలో వెట్టి చేయించడం నేరం. 2015 సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా నేరాల జాబితాలోకి చేరింది. ఇది విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. "ఆచారం" అనే మాట పోలీస్ స్టేషన్లో వినబడితే, చట్టం దాన్ని ఏమని పిలుస్తుందో మీరు చెప్పగలగాలి.

అయితే మానెయ్యడం ఒక్కటే దారి కాదని చూపించింది కూడా మనవాళ్లే. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమానికి జనం పెట్టుకున్న పేరు దండోరా. దండోరా అంటే చాటింపు. వెట్టిలో వేసిన చాటింపునే తమ పేరుగా పెట్టుకున్నారు. పేరు చివర మాదిగ అని రాసుకోవడం కూడా అప్పుడే ఊరూరా పాకింది. రెండేళ్లకు, 1996లో, నాగప్పగారి సుందర్రాజు తన కవితా సంపుటికి 'చండాల చాటింపు' అని పేరు పెట్టాడు. తెలుగు డిపార్టుమెంటుల్లో ఆ పేరు పలకడానికి ఇబ్బంది పడ్డ గొంతులు నేను విన్నాను. 2025 మొదట్లో లక్షల డప్పులు, వేల గొంతులు అని పిలుపు వచ్చినప్పుడు, మా కాలేజీ హాస్టల్లో డప్పు ఎప్పుడూ పట్టని పిల్లలు కూడా ఎక్కడ దొరుకుతాయని వెతికారు.

మూడో రోజు రాత్రి నేను ల్యాప్‌టాప్‌లో బాంజో చూపించాను. మన దేశంలో బాంజో, బెంజో అని మీటలు నొక్కి వాయించే బుల్బుల్ తరంగ్‌ను కూడా అంటారు. ఇది అది కాదు. అమెరికా వాయిద్యం, ఐదు తీగెలది. గుండ్రటి చట్రం మీద తోలు బిగించి, దానికి పొడుగాటి మెడ కట్టి, తోలు మీద గుర్రం నిలబెట్టి, దాని మీదుగా తీగెలు లాగుతారు. పెదనాయన దగ్గరకొచ్చి కళ్లు చికిలించి చూసి, "ఇది డప్పే గదా బిడ్డా, తీగెలు కట్టారంతే" అన్నాడు.

నేను చెప్పాలనుకున్న ఉపన్యాసంలో సగం ఆయన ఒక్క మాటలో లాగేసుకున్నాడు. మిగతా సగం ఇది. బాంజో తెల్లవాళ్ల వాయిద్యం కాదు. పడమటి ఆఫ్రికా నుంచి బానిసలుగా ఎత్తుకుపోయినవాళ్లు కరీబియన్ దీవుల్లో, అమెరికాలో సొరబుర్రకు తోలు కట్టి తయారు చేసుకున్నది. సెనెగల్, గాంబియాల్లో జోలా జనం ఇప్పటికీ అకాంటింగ్ అనే సొరబుర్ర వాయిద్యం వాయిస్తారు. గోటితో తీగెను కిందికి కొట్టి, వెంటనే బొటనవేలితో పొట్టి తీగెను మీటే పద్ధతి దానికీ పాత బాంజోకీ ఒకటే. దక్షిణ కరోలినాలో 1739లో స్టోనో దగ్గర బానిసలు డప్పులు కొట్టుకుంటూ తిరగబడ్డారు. మరుసటి ఏడు వచ్చిన చట్టం బానిసల చేతుల్లో డప్పులు, కొమ్ములు ఉండకూడదంది. ఇక్కడ నేను కాసేపు ఆగాను, పిల్లల్ని ఆలోచించమన్నాను. అక్కడ యజమాని డప్పు కొట్టొద్దన్నాడు. ఇక్కడ యజమాని కొట్టి తీరాలన్నాడు. డప్పు మోగితే మనుషులు కూడతారని అక్కడివాడికి భయం. మన దగ్గర డప్పు మోగితే, మోగించేవాడి చోటు ఎక్కడో ఊరందరికీ తెలుస్తుందని ధీమా.

తర్వాత కథ ఇంకా ముఖ్యం. 19వ శతాబ్దంలో తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించే నాటకాలు వేశారు. ఆ నాటకాల వాయిద్యం బాంజో. వెక్కిరింపుకు గుర్తుగా మారిన వాయిద్యాన్ని నల్లవాళ్లు మెల్లగా వదిలేశారు, గిటారు పట్టారు. 20వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి బాంజో అంటే కొండప్రాంతపు తెల్ల రైతుల వాయిద్యమని ప్రపంచం నమ్మింది. 2005 ఏప్రిల్‌లో ఉత్తర కరోలినాలోని బూన్ అనే ఊళ్లో నల్లవాళ్ల బాంజో సమావేశం పెట్టారు. ఉపన్యాసాలు, కచేరీలు, నేర్చుకునే తరగతులు అన్నీ కలిపి. అక్కడ కలిసిన రియానన్ గిడెన్స్, డామ్ ఫ్లెమన్స్, జస్టిన్ రాబిన్సన్ అనే ముగ్గురు యువకులు ఆ తర్వాత జో థాంప్సన్ అనే ముసలి ఫిడేలు కళాకారుడి ఇంటికి గురువారం గురువారం పోయి కూర్చుని నేర్చుకున్నారు. అప్పటికి ఆయనకు 86 ఏళ్లు. పాత నల్లవాళ్ల తీగెవాద్య సంప్రదాయాన్ని పట్టుకుని మిగిలిన కొద్దిమందిలో ఒకడు. ఆ ముగ్గురి బృందం కరోలినా చాక్లెట్ డ్రాప్స్‌కు 2011లో గ్రామీ వచ్చింది. 2024లో బియాన్సే పాట ఒకటి లోకమంతా మోగింది కదా, టెక్సాస్ హోల్డెమ్, దాని మొదట్లో వినబడే బాంజో గిడెన్స్‌దే.

ఐదో తీగె సంగతి చెప్పాను పిల్లలకు. మిగతా నాలుగూ మెడ చివరిదాకా పోతాయి. ఐదోది సగం మెడ దగ్గరే ఆగిపోయే పొట్టి తీగె. దాని మీద పాట వాయించరు. బొటనవేలు తగిలినప్పుడల్లా ఒకే స్వరం మోగుతుంది, పాట కింద పరుపులాగా. పెదనాయన తన ఎడమచెయ్యి ఎత్తి సన్న పుల్ల ఆడించి చూపించాడు. ఎవరికీ అనువాదం అవసరం పడలేదు.

దమ్మపేట పిల్ల ఒకమ్మాయి అప్పుడు ఒక మాట అంది. "మా దగ్గర డోలు మోగితే అందరం ఆడతాం మేడం. డోలు కొట్టినోడిని ఎవరూ దూరం పెట్టరు." 2022లో పద్మశ్రీ వచ్చిన సకిని రామచంద్రయ్య గారు ఆ వైపువారే, మణుగూరు దగ్గర. డోలు మీద కోయల చరిత్ర, సమ్మక్క కథ పాడేవారు. 2024లో పోయారు. 2022లోనే పద్మశ్రీ అందుకున్న ఇంకొకాయన దక్కలి మొగిలయ్య, కిన్నెర వాయిస్తాడు. దక్కలోళ్లు మాదిగలకు ఆశ్రిత కులం, మాదిగ గూడెంలో పాడి మాదిగల దగ్గరే తీసుకునేవాళ్లు. డప్పు గౌరవం గురించి మాట్లాడే మనం మన గుమ్మం ముందు కిన్నెర వాయించినవాడిని ఎక్కడ కూర్చోబెట్టామో కూడా మాట్లాడాలి. ఈ మాట అన్నప్పుడు షెడ్డులో ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు. పద్మశ్రీ తర్వాత కూడా మొగిలయ్య గారు కట్టుబడి పనిలో కూలికి కనబడ్డ వార్త మనందరం చదివాం.

నాలుగో రోజు మధ్యాహ్నం జరిగింది చెప్పి ముగిస్తాను. అన్నాల వేళకు మోటారు సైకిల్ మీద ఒకాయన వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. డప్పుల చప్పుడు రోడ్డు దాకా వినబడిందట. పక్క ఊళ్లో పెద్దమనిషి చనిపోయాడు, సాయంత్రం ఎత్తుతారు, నలుగురు డప్పులోళ్లు కావాలి. నన్ను చూసి "నమస్తే మేడం" అన్నాడు. పెదనాయన వైపు తిరిగి, "ఏరా, నలుగుర్ని పంపు, మనిషికి వెయ్యి ఇప్పిస్తా, మందు వేరే" అన్నాడు. ఆయనకు ముప్పై అయిదేళ్లుంటాయి. నాకు మేడం, అరవై దాటిన నా గురువుకు ఏరా. ఇద్దరి చేతుల్లోనూ సిర్రలే ఉన్నాయి.

నేను లేవబోయాను. పెదనాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది బడి బాబూ. బడి నడిచేటప్పుడు పిల్లల్ని పంపరు" అన్నాడు మెల్లగా. ఆయన కాసేపు నిలబడి, బండి తిప్పుకుని పోయాడు. పోతూ ఎవరికో ఫోన్ చేసి, "ఈళ్లకి ఎక్కువైంది" అనడం అందరికీ వినబడింది.

మాలో అందరికంటే బాగా కొట్టేవాడు బీకాం చదివే ఒక తమ్ముడు. వాడి చెయ్యి పడితే మిగతావాళ్లం ఆగి చూసేవాళ్లం. ఆ మధ్యాహ్నం వాడు మళ్లీ డప్పు పట్టలేదు. సాయంత్రం అడిగితే చెప్పాడు. వాళ్ల అన్న ఊళ్లో చావులకు పోతాడు. మందు అలవాటు అట్లా అయిందే. తమ్ముడికి కూడా వచ్చని తెలిస్తే రేపటి నుంచి కబురు ఇద్దరికీ వస్తుంది. అందుకే వాడు ఊళ్లో ఎప్పుడూ డప్పు ముట్టడు. ఇక్కడ, ఇరవై కిలోమీటర్ల దూరంలో, మామిడి తోటలో మాత్రమే కొడతాడు. "మేడం, మీరు కొడితే కళ. నేను కొడితే డ్యూటీ" అన్నాడు.

నా పిల్లోడి ప్రశ్నకు జవాబు వెతికేవాళ్లు ఈ తమ్ముడి మాట దగ్గర కూర్చోవాలి. డప్పు మంచిదా చెడ్డదా అన్నది కాదు అసలు ప్రశ్న. కొట్టనని చెప్పగలిగినవాడి చేతిలో డప్పు వేరు, చెప్పలేనివాడి చేతిలో డప్పు వేరు. జీతం ఉన్న నేను, ఊరు వదిలిన నేను, సరదాకో ఉద్యమానికో డప్పు పట్టుకుంటే, అది ఆ తమ్ముడికి కొట్టననే హక్కు తెచ్చిపెట్టే పని కావాలి. లేకపోతే బాంజో విషయంలో మసి పూసుకున్నవాళ్లు చేసిన పనికీ దీనికీ తేడా తక్కువ. ఇప్పుడు కార్పొరేట్ కాలేజీల ఫెస్టుల్లో డప్పు ఉంది, పెళ్లి ఊరేగింపుల్లో డీజే పక్కన ఉంది, సినిమా పాటల్లో ఉంది. తోలుకు మాత్రం కులం అంటుకునే ఉంది. మృదంగం కూడా తోలే కదా. ఆ తోలు గీకి బిగించే దళిత క్రైస్తవ కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ పుస్తకం రాస్తే, 2020లో దాని ఆవిష్కరణకు ఇచ్చిన హాలు అనుమతిని చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. నాదం కావాలి, తోలు పేరు ఎత్తొద్దు.

ఆ రాత్రి కూర్చుని కొన్ని తీర్మానాలు చేశాం. ఈ బృందం ఎవరి చావుకూ డబ్బుకు పోదు. మన గూడెంలో చావైతే, ఆ ఇంటివాళ్లు అడిగితే, డబ్బు లేకుండా పోతుంది, మందు ముట్టదు. ఎక్కడ కొట్టినా ముందు వరసలో సగం ఆడవాళ్లు. తమిళనాడులో దిండిగల్ శక్తి బృందం ఆడపిల్లలు పరై పట్టి ఎన్నో ఏళ్లయింది, మనం ఇప్పుడు మొదలుపెడుతున్నాం. ఊళ్లో వంతు డప్పు కొడుతున్న ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఒక్కో గూడెం లెక్క తియ్యాలి, మానెయ్యాలనుకునేవాళ్లకు చట్టం తెలిసిన ఇద్దరు తోడుండాలి. పింఛను కోసం అర్జీ పెట్టాలి. మాకు కూతవేటు దూరంలో, తిరువూరు అవతల, ఆంధ్రలో డప్పు కళాకారులకు నెలకు 4000 పింఛను ఉంది. "సరిహద్దు దాటితే డప్పు మారుద్దా?" అని పెదనాయన అడిగాడు, దానికి మా దగ్గర జవాబు లేదు.

మా నాయన సంగతి. సెకండరీ గ్రేడ్ టీచరుగా రిటైరయ్యాడు. శిబిరానికి పోతున్నానంటే రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత "డాక్టరేటు చేసింది దీనికా?" అన్నాడు, అంతే. ఇప్పుడు నేను అద్దె ఇంట్లో సాధన చెయ్యలేను. ఇల్లు ఇచ్చేటప్పుడే "మేడం, మీరేమిటోళ్లు?" అని అడిగి, సగం జవాబుతో సరిపెట్టుకున్న ఇంటివాళ్లు వాళ్లు. డప్పు చప్పుడు మిగతా సగం చెప్తుంది. చెప్పనీ అని ఒక ఆదివారం డాబా మీద అరగంట కొట్టాను. నెల తిరక్కుండా, వాళ్ల చుట్టాలబ్బాయి వస్తున్నాడని ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఇల్లు వెతుకుతున్నాను, దొరుకుతుంది. ఆ డాబా మీద కొట్టింది ఫోన్లో రికార్డు చేసి నాయనకు పంపాను. మూడు రోజుల తర్వాత రెండు ముక్కలు పంపాడు: "ఎడమ పుల్ల ఆలస్యం." గడ్డిమోపు మాత్రమే మోశానని చెప్పిన మనిషి.

ఇప్పుడు నేను చేస్తున్న పని దెబ్బలు రాసిపెట్టడం. పెదనాయనకు తెలిసినవి ఇప్పటికి పదిహేడు అయ్యాయి. చావు దెబ్బ, పెళ్లి దెబ్బ, దేవర దెబ్బ, చాటింపు దెబ్బ అని మనం నాలుగు మాటల్లో తేల్చేస్తాం గానీ, ఎత్తుబడి దగ్గర వేరు, దారిలో వేరు, దింపుడు కల్లం దగ్గర వేరు. పక్క మండలంలో అదే దెబ్బకు ఇంకో పేరు. నోటితో చెప్పే పలుకు, అడుగు, సిర్ర, పుల్ల నాలుగూ నాలుగు వరసల్లో రాస్తున్నాను. సిర్రకు గురువు గుర్తు, పుల్లకు లఘువు గుర్తు వాడుతున్నాను, ఛందస్సు ఇట్లా పనికొచ్చింది. బీకాం తమ్ముడు రికార్డింగు చేస్తున్నాడు. కొట్టడు, వింటాడు, ఎక్కడ తేడా వచ్చిందో వేలు ఎత్తి చెప్తాడు.

మీ గూడెంలో కొట్టేవాళ్లు ఉంటే పోయి కూర్చోండి. ముందు దెబ్బ పేరు అడగండి, తర్వాత అది ఎప్పుడు కొట్టేవాళ్లో, ఎవరి ఇంటి ముందు కొట్టేవాళ్లో, కొట్టాక ఏమి ఇచ్చేవాళ్లో, ఎక్కడ కూర్చోబెట్టి పెట్టేవాళ్లో అడగండి. రాగం ఒక్కటే రాసుకుని రావద్దు. వాళ్లు పేరు పెట్టొద్దంటే పెట్టకండి. రికార్డు చేసేటప్పుడు ఫోన్ ఎడమచేతి వైపు పెట్టండి, సిర్ర ఎట్లాగూ వినబడుతుంది.